అడ్రస్ కాదు, బగ్ ఏంటో చూడాలి

క్యాన్సర్ అనగానే మనం మొదట అడిగేది ‘ఎక్కడ?’ అని. లివరా, రొమ్మా, ఊపిరితిత్తులా? మందులు కూడా చాలాకాలం ఆ అడ్రస్ ప్రకారమే వచ్చాయి. కోడ్ రాసేవాళ్లకి ఇది కాస్త వింతగా ఉంటుంది. యాప్ ఏ స్క్రీన్ మీద క్రాష్ అయిందో చూస్తాం, నిజమే. కానీ మార్చేది దాని వెనకున్న లైన్‌ని కదా!

2018 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చేసిన లారోట్రెక్టినిబ్ ఆ లైన్‌ని పట్టుకునే మందు. గడ్డ ఒంట్లో ఎక్కడుందన్నది దానికి అనవసరం. ఎన్‌టీఆర్‌కే అనే జీన్ ఇంకో జీన్‌తో అతుక్కుపోయిందా లేదా, అంతే.

ఇన్‌ఫాంటైల్ ఫైబ్రోసార్కోమా అని పసిపిల్లల్లో ఒక గడ్డ వస్తుంది. ఎక్కువగా ఏడాదిలోపే, చేతులకో కాళ్లకో. అరుదైనదే, కానీ గబగబా పెరిగిపోతుంది. కీమోకి లొంగకపోతే ఒక్కోసారి ఆ చెయ్యో కాలో తీసేయాల్సి వచ్చేది. ఇంకా నడక కూడా రాని పిల్లకి కాలు తీసేయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలంటే అమ్మానాన్నల చెయ్యి ఆడుతుందా?

ఈ గడ్డల్లో చాలావరకు ఉండేది ఒకటే బగ్. 12వ క్రోమోజోమ్ మీది ఈటీవీ6 జీన్ ముక్క, 15వ క్రోమోజోమ్ మీది ఎన్‌టీఆర్‌కే3 ముక్కకి అతుక్కుంటుంది. 1998లోనే దీన్ని కనిపెట్టారు. మందు రావడానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది! మామూలుగా ఎన్‌టీఆర్‌కే జీన్ తయారుచేసే ప్రొటీన్ నరాల కణాల మీద స్విచ్‌లా ఉంటుంది. బయటి నుంచి సిగ్నల్ వస్తేనే ఆన్ అవుతుంది. అతుక్కుపోయాక సిగ్నల్‌తో పనిలేదు. ఇఫ్ కండిషన్ చెరిపేసి అక్కడ ట్రూ అని రాసేసినట్టు అన్నమాట. కణం పెరుగుతూనే ఉంటుంది. ఆ ప్రొటీన్‌కి ఎనర్జీ అందే సందులో ఈ మందు వెళ్లి కూర్చుంటుంది. స్విచ్ ఆఫ్.

2018లో వచ్చిన ట్రయల్ రిజల్ట్స్‌లో 55 మంది ఉన్నారు. 4 నెలల వయసు నుంచి 76 ఏళ్ల దాకా, 17 రకాల క్యాన్సర్లు. 75 శాతం మందిలో గడ్డ బాగా తగ్గింది. వాళ్లలో ఇద్దరు పిల్లలకి చెయ్యీ కాలూ పోకుండానే ఆపరేషన్ చేయగలిగారు. క్యాప్సూల్ మింగలేని పిల్లలకి నోట్లో పోసే ద్రవం కూడా ఉంది.

ఇక్కడిదాకా చదివి ‘క్యాన్సర్‌కి మందు దొరికేసింది’ అని వాట్సాప్‌లో పెట్టేయకండి. పెద్దల్లో మామూలుగా వచ్చే క్యాన్సర్లలో ఈ బగ్ చాలా అరుదు. కొన్నాళ్లకి కొన్ని గడ్డలు ఆ సందు ఆకారాన్నే మార్చేసుకుని మందుని తప్పించుకుంటాయి. ధరైతే, పెద్దల డోసుకి మొదట్లో నెలకి 32,800 డాలర్లు. అసలు టెస్ట్ చేయకపోతే బగ్ ఉన్నట్టే తెలియదు. తెలిసినవాళ్ల పిల్లలకి గడ్డ అని బయాప్సీ చేస్తే, ‘ఎన్‌టీఆర్‌కే చూశారా?’ అని డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడగమనండి.

అడ్రస్ గోల చట్టంలోనూ ఉండేది. పెద్దల మందుల్ని పిల్లల్లోనూ పరీక్షించాలని అమెరికాలో రూల్ ఉంది. కానీ రొమ్ము క్యాన్సర్, ఊపిరితిత్తుల క్యాన్సర్ పిల్లలకి రావు కాబట్టి కంపెనీలకి మినహాయింపు దొరికేది. 2017లో చేసిన రేస్ ఫర్ చిల్డ్రన్ యాక్ట్ దాన్ని మార్చింది. మందు గురిపెట్టే బగ్‌కి పిల్లల గడ్డలతో గట్టి సంబంధం ఉంటే, పెద్దల్లో అది ఏ అవయవానిదైనా సరే, పిల్లల్లో స్టడీ చేయాల్సిందే. 2020 ఆగస్టు నుంచి అమల్లో ఉంది.