పేద విద్యార్థుల పాఠశాలలకు కేంద్ర నిధులు: పెరిగిన రాష్ట్ర బాధ్యత

పేద కుటుంబాల పిల్లలు అధికంగా చదివే ప్రభుత్వ పాఠశాలలకు కేంద్ర నిధులు ముఖ్య ఆధారం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా విద్య ఉమ్మడి జాబితాలో చేరినందున ఈ బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటిదీ అయినది.

9వ పంచవర్ష ప్రణాళికలో సర్వశిక్షా అభియాన్ వ్యయంలో కేంద్రం 85 శాతం భరించినది. 10వ ప్రణాళికలో అది 75 శాతానికి తగ్గినది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చిన పిమ్మట 65 శాతంగాను, 2015-16 నుంచి 60 శాతంగాను నిర్ణయించారు. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకంలోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇదే నిష్పత్తి వర్తించినది. అనగా, వంద రూపాయల వ్యయంలో తొలుత 15 రూపాయలు భరించిన రాష్ట్రం తదుపరి 40 రూపాయలు సమకూర్చవలసి వచ్చినది.

విద్యాపరంగా వెనుకబడిన మండలాల్లోని దళిత, గిరిజన, వెనుకబడిన, మైనారిటీ వర్గాల మరియు దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల బాలికల కొరకు 2004లో ప్రారంభించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలకూ ఈ నిధులే ఆధారమైనవి.

నిధులు విడతలుగా విడుదలవుతాయి. రాష్ట్ర వాటా జమ, వినియోగ పత్రాల సమర్పణ జాప్యమైతే తదుపరి విడత నిలిచిపోతుంది. ఆ భారం చివరకు పడేది వేరే దారిలేని పిల్లలపైనే. కావున బడ్జెట్ కేటాయింపుతోపాటు వాస్తవ విడుదలను, వ్యయాన్ని కూడా పరిశీలించినప్పుడే పథకం ఫలితం తెలియగలదు.