ఆగనేర్చిన యంత్రమే విస్తరించును

వ్యాపారలోకమున నేడొక మతము ప్రబలియున్నది. కృత్రిమ మేధ విద్యుచ్ఛక్తి వంటిదనియు, దానిని ముందుగా నొక మూల స్వల్పముగా ప్రయోగించి, ఫలితము కానవచ్చినంతనే సంస్థ యంతటికిని వ్యాపింపజేయవలయుననియు, అట్లు చేయనివారు పోటీలో నశింతురనియు, ప్రయోగదశలో జయించిన మోడలు విస్తరణదశలో విఫలమైనచో దోషము యంత్రమునది గాక మార్పునకు జంకు ఉద్యోగులదే యనియు ఆ మతస్థుల వాదము. వృత్తిరీత్యా తిరుగువాడనగుటచే హైదరాబాదున, బెంగుళూరున, సింగపూరున, లండనున, సమావేశమందిరము లెక్కడనున్నను, ఈ వాదమును వినుచునే యున్నాను. ఊరు మారును, ఉపన్యాసకుడు మారును, తెరపై గనబడు పటము మాత్రము మారదు: ఎడమప్రక్క పైలట్ అను చిన్న చుక్క, కుడిప్రక్క మింటికెగయు బాణము. ఆ రెంటి నడుమ నేమున్నదని యడిగినవాడు పిరికివాడుగా లెక్కింపబడును.

ఆ ప్రశ్ననే నేనిచ్చట నడుగదలచితిని. ఒక యంత్రము విస్తరణకు యోగ్యమగునా కాదా యని తేల్చునది దాని వేగము గాని, దానిని వాడువారి సంఖ్య గాని కానేరదు. అది చేసిన తప్పు, ఆ తప్పును దిద్దగల అధికారము గల మనుష్యుని ఎంత త్వరగా చేరుచున్నదో అదియే ప్రమాణము. ఈ ప్రమాణమును విడిచి చేసిన విస్తరణము విజయమును గుణించుచున్నానను భ్రాంతిలో ప్రమాదమును గుణించును.

ప్రతిపక్షమున సత్యమెంత గలదో ముందుగా నొప్పుకొనుట న్యాయము. పనికిమాలిన ఈమెయిళ్లను వేరుచేయు యంత్రము నేడు కోట్లమందికి సేవచేయుచున్నది. అక్కరకు వచ్చు ఉత్తరమును అది పొరపాటున చెత్తలో బడవేసినచో, ఎదురుచూచుచున్న గ్రహీత వెదకి తీసి, ఇది చెత్త కాదని ఒక్క మీటతో తెలుపును. కార్డుల మోసములను పసిగట్టు మోడలు న్యాయమైన చెల్లింపు నడ్డగించినచో, కార్డుదారుడు అంగడిలో నిలుచుండియే బ్యాంకునకు ఫోను చేయును. దొంగచెల్లింపును పోనిచ్చినచో, తన ఖాతా చూచుకొని గగ్గోలు పెట్టును. ఇట్టి తావుల తప్పు తనంతట తానే గడపకు వచ్చి తలుపు తట్టును గనుక, వాడుక పెరిగినకొలది యంత్రము నిజముగనే మెరుగుపడును. ప్రతిపక్షులు చేయు పొరపాటేమనగా, ఈ అనుకూలస్థితి తమ మోడలు గొప్పతనముచే గలిగినదని తలచుటయు, ఇట్టి స్థితి లేని తావులకు సైతము అదే వేగముతో పరుగెత్తుటయు.

ఇక విద్యుచ్ఛక్తితో పోలిక. కృత్రిమమేధా నిపుణుడు ఆండ్రూ ఎన్జీ నోట ప్రసిద్ధిజెందిన యీ పోలికకు వెనుక ఒక చరిత్ర కలదు. ఎడిసను 1882లో న్యూయార్కు పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రమును నెలకొల్పినను, కర్మాగారముల ఉత్పాదకతయందు దాని ఫలము ప్రస్ఫుటముగా గనబడుటకు 1920ల దశకము రావలసివచ్చెనని ఆర్థికచరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో వివరించెను. దీనినుండి మనవారు తీయు నీతి, ఓపికపట్టి ధనము కుమ్మరించుచుండవలయుననుట. కాని ఆ నలువదేండ్లలో జరిగిన దేమి? మొదట యజమానులు ఆవిరియంత్రమును దీసి, ఆ చోటనే పెద్ద మోటారు నొకదానిని బెట్టి, కప్పు క్రింద పొడవున సాగిన పాత ఇనుప ఇరుసునే త్రిప్పిరి. ఆ ఇరుసునకు మరమ్మతు వచ్చినచో, బెల్టులతో దానికి గట్టబడిన యంత్రములన్నియు నొక్కమారుగా నిలిచిపోయెడివి. ప్రతి యంత్రమునకును వేరువేరుగా మోటారు వచ్చినపిమ్మట, చెడినది మాత్రమే ఆగి తక్కినవి నడచుట సాధ్యమయ్యెను. పని సాగు క్రమము ననుసరించి యంత్రముల నమర్చుకొనుట సాధ్యమయ్యెను. ఫలమప్పుడే దక్కెను. ఈ చరిత్ర బోధించు నీతి ధనమును గూర్చినది గాదు, కర్మాగారపు కూర్పును గూర్చినది. నేటి సంస్థలలో పెక్కు పాత ఇరుసును మార్చకయే క్రొత్త మోటారును బిగించుచున్నవి. వేరొక భేదమును గలదు: విద్యుత్తు కర్నూలులో నెట్టిదో డెట్రాయిటులోను అట్టిదే, మోడలు చెప్పు జోస్యము మాత్రము తాను నేర్చిన ఊరి పొలిమేర దాటగనే సత్యమో అసత్యమో తెలియరానిదగును.

కర్నూలు పేరెత్తితిని గనుక అచ్చటి ఉదాహరణమునే చెప్పుదును. 2016 ఖరీఫు కాలమున మైక్రోసాఫ్టు, ఇక్రిశాట్ సంస్థలు కలిసి దేవనకొండ మండలమున 175 మంది రైతులకు వేరుశనగ విత్తవలసిన అదనును తెలుగు ఎస్.ఎం.ఎస్.ల ద్వారా తెలిపినవి. దిగుబడి సగటున 30 శాతము పెరిగినదని ప్రకటించినవి. వేదికలపై ఈ కథను జెప్పునప్పుడు వినబడునది 30 శాతమే గాని, దానికి మూలమైన నిబంధనలు వినబడవు. ఆ మండలపు వాతావరణచరిత్ర మూడు దశాబ్దములది ముందుగా పరిశీలింపబడినది. ప్రశ్న యొక్కటియే, విత్తు ఎప్పుడు వేయవలయుననుట. సమాధానము రైతు మాటలో వచ్చినది. మబ్బు చూచి, పదును చూచి, ఆ సలహాను త్రోసివేయు స్వాతంత్ర్యము రైతునకు గలదు. పంట యింటికి వచ్చునప్పటికి తప్పొప్పులు కళ్లమున దేలిపోవును. మరుసటి యేడు ఆ ప్రయత్నము ఆంధ్ర, కర్ణాటకములలో వేలకొలది రైతులకు విస్తరించినది; అట్లు విస్తరించుటయనగా నేల మారినప్పుడెల్ల మరల నేర్చుకొనుట. మీట నొక్కి ప్రతులు తీసినంత సులువుగా జరుగు పని గాదది.

వెంటనే తిరిగివచ్చునవి మొదటి తరగతి తప్పులైనచో, ఆలస్యముగా తిరిగివచ్చునవి రెండవ తరగతివి. గుంటూరు ప్రాంతమున నొక మిర్చి ఎగుమతి వ్యాపారి గిడ్డంగిలో కెమెరాతో కాయలను వర్గీకరించు యంత్రమును చూచితిని. ప్రయోగకాలమున అది తేజ రకములోనుండి తాలుకాయలను ఏరివేసిన తీరు అందరిని మెప్పించినది. ఆ దినములలో యంత్రము ప్రక్కన ఒక వృద్ధుడైన గ్రేడరు నిలుచుండి, అనుమానము గలిగిన మిర్చి బస్తానుండి కాయను దీసి, చెవి యొద్ద ఆడించి, గింజల గలగల విని, విరిచి చూచి, ఇది తడి సరుకని వేరుచేయుచుండెడివాడు. విస్తరణ పద్దులో ఆయన జీతము అనవసర వ్యయముగా గనబడినది; క్రొత్త గిడ్డంగులలో యంత్రమే యుండెను, గ్రేడరు లేడు. కెమెరా రంగును చూడగలదు గాని లోని తేమను చూడలేదు. బూజు పట్టిన సరుకును గూర్చిన ఫిర్యాదు సముద్రము దాటి వచ్చునప్పటికి ఆ ఋతువు సరుకంతయు ఓడ యెక్కినది. ప్రయోగమున గెలిచినది యంత్రము, మనిషి కలిసిన జంట. విస్తరణమునకు బోయినది యంత్రమొక్కటియే.

దీనినే మహాప్రమాణమున అమెరికాలో జిల్లో సంస్థ యనుభవించెను. ఇండ్ల ధరలను గణించు తన విధానమును నమ్మి అది స్వయముగా ఇండ్లు కొని అమ్మబూనెను. అంచనా తప్పైనదని తెలియవలయునన్న, కొన్న ఇల్లు మరల అమ్ముడుపోవలయును. దానికి నెలలు పట్టును. ఆ నెలలలో యంత్రము అదే తప్పుతో మరికొన్ని వేల ఇండ్లకు బేరమాడును. 2021 నవంబరులో ఆ వ్యాపారమును మూసివేయునాటికి ఒక్క త్రైమాసికములోనే 30 కోట్ల డాలర్లకు పైబడి విలువ కొట్టివేయవలసివచ్చెను. ఉద్యోగులలో నాల్గవవంతును తొలగింపవలసివచ్చెను. గణనము తప్పుటచేతనే యింత నష్టము రాలేదు. ఆ తప్పును గూర్చిన సమాచారము కొనుగోలు వేగమును అందుకొనలేకపోవుట వలన వచ్చెను.

మూడవ తరగతి తప్పులు ఎన్నటికిని తిరిగిరానివి. ఇవియే మిక్కిలి భయంకరములు. ఉద్యోగార్థి దరఖాస్తును యంత్రము త్రోసివేసినచో, అతడు సమర్థుడై యుండెనని సంస్థకు తెలియు మార్గమే లేదు. అప్పు నిరాకరింపబడినవాడు నిజాయితీగా తీర్చియుండెడివాడేమో బ్యాంకు ఎన్నటికి నెరుగదు. వాడుక పెరిగినకొలది దత్తాంశము పెరిగి తప్పులు తగ్గునను ప్రసిద్ధవాదము ఇచ్చట కూలిపోవును. త్రోసివేయబడినవారి కథ ఆ దత్తాంశమున చేరనే చేరదు గదా! అమెజాను సంస్థలో పదేండ్ల దరఖాస్తులను చూచి నేర్చిన ఎంపికయంత్రము స్త్రీలను తక్కువజేయుచున్నదని లోపలివారే కనుగొని, ఆ ప్రయత్నమును విడిచిరని 2018లో రాయిటర్స్ వెల్లడించెను. పరిశీలించువారు లేకున్న అదియు సాఫల్యగాథగనే చెలామణి యయ్యెడిది. ప్రభుత్వవ్యవహారమైనను తెలంగాణమున జరిగినదియు నిచ్చట స్మరింపదగినది: కంప్యూటరు ఏరివేతను నమ్మి, నోటీసైనను లేక, లక్షలకొలది ఆహారభద్రతా కార్డులు రద్దు చేయబడినవను వ్యాజ్యమున, ఇంటింటికిబోయి మరల విచారింపుడని 2022లో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చెను. బియ్యము దొరకని ఇంటినుండి సర్వరునకు ఏ సంకేతమును పోదు.

పూర్వపక్షము నింతవరకు ఖండించితిని. ఇక సిద్ధాంతము చెప్పుట నా విధి. పనిమీద జపాను వెళ్లినపుడు నగోయా నగరమున టొయోటా వారి పారిశ్రామిక సంగ్రహాలయమును దర్శించితిని. ఆ సంస్థల మూలపురుషుడైన సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన జి-తరహా స్వయంచాలక మగ్గమునకు అచ్చట అగ్రస్థానము గలదు. దాని విశేషము నేత వేగము మాత్రమే గాదు. పడుగులో ఒక్క పోగు తెగినను అది తక్షణమే తనంతట తాను ఆగిపోవును. అట్టి ఏర్పాటు లేని మగ్గము తెగిన పోగుతోనే నేయుచు బోయెడిది గనుక, చెడిన బట్ట పెరుగకుండ పనివారు కన్నార్పక కాపు కాయవలసియుండెను. ఆగుట నేర్చినపిమ్మట ఒక్క మనిషి పెక్కు మగ్గములను చూచుకొనగలిగెను. ఆగినదాని యొద్దకే పోయిన చాలును. వస్త్రయంత్రనిర్మాణమున జగత్ప్రసిద్ధులైన, ఇంగ్లండునందలి ఓల్డహాము ప్లాట్ బ్రదర్సు వారు 1929లో లక్ష పౌన్లకు దాని హక్కులను కొనిరి. మగ్గములు పదులుగా, నూరులుగా విస్తరించుటకు ఆగుటయే కారణమయ్యెను. అదే సూత్రము తదుపరి మోటారుకార్ల కర్మాగారమున, లోపము గనిన ఏ కార్మికుడైనను త్రాడు లాగి వరుసను నిలుపవచ్చునను నియమముగా బరిణమించెను.

ఈ దృష్టితో చూచినచో, మార్పునకు జంకుచున్నాడని నిందింపబడు ఉద్యోగి త్రాడు లాగుచున్నవాడే. యంత్రము చెప్పినది సరిగాలేదని గుమాస్తా గొణిగినప్పుడు అతనికి శిక్షణతరగతి నేర్పాటుచేయు సంస్థ, తెగిన పోగును చూచి మగ్గమును మందలించుచున్నది. స్వీడను దేశపు క్లార్నా సంస్థ తన కృత్రిమ సహాయకుడు 700 మంది పనిని చేయుచున్నాడని 2024లో చాటెను. మరుసటి యేడే సేవానాణ్యత తగ్గినదని అధినేత యొప్పుకొని, మరల మనుష్యులను చేర్చుకొనుటకు బూనెను. కెనడాలో ఎయిర్ కెనడా వారి చాట్‌బాట్, బంధువు మరణించినపుడిచ్చు రాయితీ ఛార్జీని గూర్చి ప్రయాణికునకు తప్పు సమాచారమిచ్చెను; చాట్‌బాట్ చేసినదానికి అదియే బాధ్యత వహింపవలయునను ధోరణిలో సంస్థ వాదింపగా, 2024లో ట్రిబ్యునలు దానిని త్రోసిపుచ్చి పరిహారము చెల్లింపజేసెను. సొమ్ము స్వల్పమే, కాని యంత్రమునకు అధికారమిచ్చి బాధ్యతను మాత్రము గాలికి వదలుట చెల్లదని తేలినది.

అడుగడుగున ఆగుచుండిన ప్రతియోగి మనలను దాటిపోవునని చివరి ఆక్షేపణ. ఆగుటకైన ఖర్చు ఈనాటి పద్దులోనే కనబడును; ఆగకపోవుటకైన ఖర్చు మరుసటి యేటి పద్దులో, వేరొకరి పేరిట కనబడును. మొదటిది కండ్లకు గట్టును గనుక దానికే జంకుదుము. నేను యంత్రద్వేషిని గాను, విస్తరణ విరోధిని గాను. బోర్డు సభ్యులు చేవ్రాలు చేయుటకు ముందు మూడు ప్రశ్నల నడుగుదురు గాక: యంత్రము తప్పినదని మొదట నెవరికి దెలియును? ఎన్ని దినములలో దెలియును? తెలిసినవానికి, పైవారి యనుమతికై కాచియుండక, దానిని నిలుపు అధికారము కలదా? వీనికి మనిషి పేరుతో, గడువుతో, వ్రాతమూలకముగా సమాధానము చెప్పగల సంస్థ తన మోడలును నూరు శాఖలకు బంపినను నాకభ్యంతరము లేదు. చెప్పలేని సంస్థ దానిని రెండవ శాఖకు సైతము పంపరాదు.