మీటరు మీద ఎవరి పేరు?

కరెంటు సంగతి ఆడవాళ్ల ఉద్యమానికి ఎందుకని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2000 సంవత్సరంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు చార్జీలు పెంచినప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్లలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. బిల్లు పెరిగితే ముందుగా కోత పడేది వంటింటి ఖర్చుకే కాబట్టి ఆనాడు స్త్రీలు కదిలారు. ఇప్పుడు ఆ కరెంటు మన డాబా మీదే తయారవుతోంది. దాన్ని గురించీ మనం మాట్లాడుకోవాలి.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు అవతలా ఇవతలా కొత్త కాలనీలు లేస్తున్నాయి. నిన్నటి పొలాలు ఇవాళ నూటయాభై, రెండు వందల గజాల ప్లాట్లు. ఎక్కువ భాగం ఒకటి రెండు అంతస్తుల ఇళ్లే. ఎత్తయిన భవనాల నీడ లేదు, ఎండకు కొదవ లేదు. సోలార్ ప్యానెళ్లకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అందుకే కంపెనీల ఏజెంట్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. పగటిపూట తలుపు తీసేది స్త్రీయే. ‘సార్ ఉన్నారా, సార్‌తో మాట్లాడాలి’ అన్నది వాళ్ల మొదటి మాట.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ప్రారంభించింది. కోటి ఇళ్లకు సౌర విద్యుత్తు అందించాలన్నది లక్ష్యం. ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తారు. ఒక కిలోవాటు ప్యానెళ్లకు దాదాపు నూరు చదరపు అడుగుల చోటు కావాలి. మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే నెలకు మూడు వందల యూనిట్ల పైమాటే. పగలు మనం వాడగా మిగిలింది విద్యుత్ సంస్థ లైనులోకి పోతుంది, రాత్రి అక్కడి నుంచి తీసుకుంటాం. నెట్ మీటరు ఈ రెండూ లెక్క కడుతుంది. ఫ్రిజ్, గ్రైండర్, బోరు మోటారు నడిచే ఇంటికి ఇది చిన్న ఊరట కాదు. నేను దీనికి వ్యతిరేకిని కాను. బొగ్గు పొగ తగ్గడం మన పిల్లలకు మంచిదే.

అయితే అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. బ్యాటరీ లేకుండా పెట్టే మామూలు ఏర్పాటులో వీధిలో కరెంటు పోతే మన ప్యానెళ్లూ ఆగిపోతాయి. లైను మీద పనిచేసేవాళ్ల ప్రాణరక్షణకే ఆ ఏర్పాటు. ఇది తెలియక ‘ఇక కరెంటు పోదన్నారే’ అని వాపోయే స్త్రీలు నాకు తారసపడుతున్నారు. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది. కొత్త కాలనీల్లో దుమ్ముకేం తక్కువ? నీళ్ల బకెట్టు మోసుకుని డాబా ఎక్కి ప్యానెళ్లు తుడిచే పని ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. వడియాలు పెట్టుకునే చోటు, బట్టలు ఆరేసుకునే చోటు, సాయంత్రం నలుగురు ఆడవాళ్లు కూర్చునే చోటు కూడా ఆ డాబాయే. ప్యానెళ్లు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు వాళ్లను అడుగుతున్నది ఎవరు?

అసలు ప్రశ్న డబ్బు దగ్గర వస్తుంది. మూడు కిలోవాట్లకు దాదాపు రెండు లక్షలవుతుంది. ముందు మొత్తం ఖర్చు పెట్టుకోవాలి. పని పూర్తయి, తనిఖీ జరిగి, నెట్ మీటరు బిగించాకే సబ్సిడీ వస్తుంది. మూడు కిలోవాట్ల దాకా రెండు లక్షల వరకు పూచీ లేని బ్యాంకు రుణం దొరుకుతుంది. కానీ బ్యాంకు చుట్టూ తిరగలేక చాలా ఇళ్లలో సులువైన దారి పడుతున్నారు. భార్య గాజులు, గొలుసు కుదువకు పోతున్నాయి. సబ్సిడీ మాత్రం ఎవరి పేరున కనెక్షన్ ఉందో వాళ్ల బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇంటి రిజిస్ట్రేషన్ భర్త పేరున, కనెక్షన్ భర్త పేరున, ఖాతా భర్తది. బంగారం మాత్రం ఆమెది.

అన్నీ సవ్యంగా ఉన్న రోజుల్లో ఈ తేడా కనబడదు. సంసారం చెడిన రోజున కనబడుతుంది. పుట్టింటి బంగారంతో డాబా మీద ప్యానెళ్లు వేయించిన స్త్రీ ఆ ఇంటి నుంచి గెంటివేతకు గురైతే, వాటిలో తన డబ్బుందని చెప్పడానికి ఒక్క కాగితమూ ఉండదు. ఏజెంటు ఇచ్చిన బిల్లు భర్త పేరునే ఉంటుంది.

స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. ఆమె స్త్రీధనాన్ని పరాధీనం చేయడం, ఆమెకు హక్కున్న సౌకర్యాలు అందకుండా చేయడం ఆ నిర్వచనంలోకి వస్తాయి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో నివసించే హక్కు అదే చట్టం ఇచ్చింది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటాను మన రాష్ట్రం 1986లోనే చట్టం చేస్తే, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కానీ అది పుట్టింటి ఆస్తి. పెళ్లయ్యాక భర్త పేరున కొన్న ప్లాటులో భార్యకు వాటా ఉందని చెప్పే చట్టం గోవా వంటి చోట్ల తప్ప మన దేశంలో లేదు. భార్య ఇంటిచాకిరీ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని 2023లో మద్రాసు హైకోర్టు అన్నది. అది మంచి మాటే, కానీ ప్రతి స్త్రీ హైకోర్టు దాకా వెళ్లగలదా?

ఈ కాలనీల్లో అద్దెకుండే స్త్రీల సంగతి ఇంకో రకం. బట్టల దుకాణంలో పనిచేస్తూ ఒంటిగది అద్దెకు తీసుకున్న ఒంటరి స్త్రీకి డాబా లేదు కాబట్టి ఈ పథకం లేదు. భర్త చనిపోయిన స్త్రీకి ఇల్లున్నా, కనెక్షన్ చనిపోయిన మనిషి పేరునే ఉంటే దరఖాస్తు ముందుకు సాగదు. పేరు మార్పుకు వారసత్వ పత్రం కావాలి. అక్కడే చిక్కు.

ఇళ్ల పట్టాలు స్త్రీల పేరిట ఇవ్వాలన్న మన పాత డిమాండును ప్రభుత్వాలు కొంతవరకు విన్నాయి. ఆ పద్ధతి డాబా మీదకూ రావాలి. ఇంటి కనెక్షన్, సోలార్ దరఖాస్తు భార్యాభర్తల ఇద్దరి పేర్ల మీదా ఉండాలి. సబ్సిడీ ఉమ్మడి ఖాతాలో పడాలి. వితంతువుల పేరు మార్పులకు విద్యుత్ సంస్థలు కాలనీల్లోనే శిబిరాలు పెట్టాలి. అద్దె ఇళ్లవాళ్లకు కలిపి వాడుకునే ప్లాంట్లలో వాటా ఇచ్చే దారి చూడాలి. ప్యానెళ్లు బిగించే పని స్త్రీలకు నేర్పాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ చదువు రాని గ్రామీణ స్త్రీలను సౌర విద్యుత్ పనివాళ్లుగా తయారుచేసింది. అక్కడ వీలైనది ఇక్కడెందుకు వీలుకాదు?

ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. కాలనీల్లో పనిచేసే కార్యకర్తలకు నా మనవి ఇది. సోలార్ పెట్టించుకుంటున్న ఇంట్లో స్త్రీని మూడు ప్రశ్నలు అడగండి. కనెక్షన్ ఎవరి పేరున ఉంది? డబ్బు ఎవరిది, ఎక్కడిది? సబ్సిడీ ఏ ఖాతాలో పడుతుంది? బంగారం ఆమెదైతే కుదువ రసీదు ఆమె పేరున తీయించి, ఆమె దగ్గరే ఉంచమనండి. కంపెనీ బిల్లులో ఆమె పేరు కూడా రాయించమనండి. డబ్బు ఆమె ఖాతా నుంచి చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో కట్టమనండి. ఇవి సంసారంలో అనుమానాలు పెట్టే పనులని కొందరు అంటారు. మగవాళ్లు ప్లాటు తమ పేరున రిజిస్ట్రీ చేయించుకున్నప్పుడు ఎవరూ అనుమానం అనలేదు, ముందుచూపు అన్నారు. ఆ ముందుచూపు మనకూ ఉండాలి.