గిరాకీ లేని బొమ్మలు

రాయికల్ నుంచి ఒక ఫోటోగ్రాఫరుగారు ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. పెళ్ళిళ్ళకూ, పుట్టువెంట్రుకలకూ, పాస్‌పోర్టులకూ ఫోటోలు తీసి బతుకుతున్నారట. ముహూర్తాలు లేని నెలల్లో మాత్రం ఒక చిత్రమైన పని పెట్టుకున్నారు. ఇంటాయన గల్ఫుకు పోయిన ఇళ్ళు, ఆ ఇంటి అరుగుమీద చేటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, వెనక గోడకు వేలాడే ఇంటాయన బొమ్మ — ఇవి తీస్తూ వస్తున్నారు. నాలుగేళ్ళయిందట. "ఒక్కరు పైస ఇయ్యలేదు. మా ఇంటామె నీకేమన్న పిచ్చా అంటున్నది. దీనికేమన్న పేరున్నదా, లేక నిజంగనే పిచ్చా?" అని అడిగారు.

పేరున్నది. ఫోటోగ్రఫీ లోకంలో దీన్ని స్వంత ప్రాజెక్టు అంటారు. బయానా ఇచ్చినవాడు లేడు, గడువు పెట్టినవాడు లేడు; ఒక్క విషయాన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి దాని చుట్టూ తిరగడమన్నమాట. ఇక పిచ్చి సంగతి అంటారా, అది వారి ఇంటామెకు తెలిసినంతగా నాకు తెలియదు.

అయితే ఈ వ్యవహారం మీ ప్రాంతానికి కొత్త కాదు సుమండీ. రాయికల్ నుంచి గంట పట్టని దూరంలో ఉన్న కోరుట్లలోనే 1939లో బండి రాజన్‌బాబు పుట్టారు. హైదరాబాదు వెళ్ళి లలితకళల కళాశాలలో చదువుకున్నారు. రాజా త్రయంబక్ రాజ్ బహదూర్ దగ్గర ఛాయాగ్రహణం మెళకువలు నేర్చుకున్నారు. పల్లె, పొలం, పొగమంచు, వెలుగునీడలు — ఊళ్ళో చూసినవాటినే నలుపు తెలుపుల్లో మళ్ళీ పట్టుకున్నారు. ఇంగ్లండులో 1853లో పుట్టిన రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ వారి ఫెలోషిప్పు తెచ్చుకున్నారు. తరువాత హైదరాబాదులో స్వయంగా ఫోటోగ్రఫీ బడి నడిపి, ఎందరికో పని నేర్పారు. 2011లో కన్నుమూశారు.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చినవి నగ్నచిత్రాలు. ఆ మాట వినగానే ముఖం తిప్పుకునేవాళ్ళున్నారు, కళ్ళు పెద్దవి చేసేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే ఈ ఇద్దరిలో ఎవరూ బొమ్మ చూడరు. చూస్తే అక్కడ ఉన్నది వెలుగు ఒక ఒంపుమీదుగా జారి ఎక్కడ ఆగిందన్న సంగతి. కోరుట్ల పిల్లవాడు మన సమాజంలో ఈ పనికి పూనుకున్నాడంటే ఏ గిరాకీ కోసం? ఇలాంటివి కావాలని వాకిట్లో వరసకట్టి నిలబడ్డవాళ్ళెవరూ లేరు గదా! పెళ్ళి ఆల్బములు తీసుకుంటూ కూర్చుంటే మాటపడే బాధ ఉండేది కాదు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. ఆ తరంవారి ఫోటోలు ఎక్కువగా సెలూన్లకు వెళ్ళేవి. సెలూనంటే క్షౌరశాల కాదు, ఫోటోల పోటీ ప్రదర్శన. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య, 1953లో మన దేశంలో ఏర్పడిన సమాఖ్య ఇలాంటివాటికి అండగా నిలిచాయి. సెలూనులో ప్రతి ఫోటో ఒంటరిగా పోరాడాలి. న్యాయనిర్ణేత ముందు అది నిలిచేది కొన్ని క్షణాలే. ఆ క్షణంలో తళుక్కుమనాలి. అందుకని సాయంసంధ్య, గొర్రెలమంద లేపిన ధూళి, ముసలమ్మ ముఖంమీద ముడతలు తెగ బహుమతులు కొట్టేవి. ఫెలోషిప్పు తీరు వేరు. దానికి సుమారు ఇరవై బొమ్మలు ఒక వరసగా పంపాలి. అన్నీ కలిసి ఒక్క మాట చెప్పాలి. నా ఉద్దేశంలో స్వంత ప్రాజెక్టుకు బీజం అక్కడే ఉంది. మన రాయికల్ మిత్రుని ఫోటోల్లో ఏ ఒక్కటీ సెలూనులో గెలవకపోవచ్చు. నలభై గడపలు పక్కపక్కన పేరిస్తే, అప్పుడు చూడాలి!

ఇలా పేర్చడంలో ఘనులు జర్మనీ దంపతులు బెర్న్డ్ బెకర్, హిల్లా బెకర్. 1959 నుంచి వాళ్ళు కలిసి తీసినవేమిటో తెలుసా? నీళ్ళ టాంకులు, కొలుములు, గనుల దగ్గరి కట్టడాలు. ఎప్పుడూ మబ్బు పట్టిన ఆకాశమే, ఎదురుగా నిలబెట్టినట్టే, మనిషి జాడ లేకుండా. ఒక్కటి చూస్తే ఆవలింత వస్తుంది. తొమ్మిది ఒకచోట చూస్తే ప్రతి టాంకుకూ ఒక ముఖం ఉందని తోస్తుంది. 1990లో వెనిస్ ప్రదర్శనలో వారికి బహుమతి వచ్చింది — చిత్రమేమిటంటే, శిల్పవిభాగంలో! అమెరికాలో నికొలస్ నిక్సన్ 1975లో తన భార్యనూ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్ళనూ వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. మరుసటి ఏడూ తీశాడు. ఎప్పుడూ అదే వరస. అలా నలభై ఏళ్ళకు పైగా సాగింది. ఆ వరసలో ముసలితనం ఏ సంవత్సరం వచ్చిందో వేలు పెట్టి చూపించలేం.

అంత దూరం ఎందుకు? వరంగల్లు బిడ్డ గుడిమళ్ళ భరత్ భూషణ్ పత్రికల్లో పనిచేస్తూనే తెలంగాణ పల్లె ఇళ్ళ దర్వాజలు, గోడలు, బతుకమ్మ ఆటలు, ఆడవాళ్ళ పనిపాటలు తన కోసం తీసుకున్నారు. ఏ వార్తా లేని రోజున కూడా ఆ దర్వాజ ముందు నిలబడ్డారు. చాలా ఏళ్ళు కాన్సరుతో పోరాడుతూ ఈ పని విడవలేదు. 2022లో పోయారు. ఆ పెంకుటిళ్ళు ఒక్కొక్కటే పడగొట్టి స్లాబు ఇళ్ళు వేస్తున్న రోజుల్లో, ఆ దర్వాజలకు మిగిలిన చోటు ఆయన ఫోటోలే.

గిరాకీ ఫోటోలను తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఆరవ నిజాంగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ తీసినవన్నీ ఇంచుమించు గిరాకీ ఫోటోలే. 1892లో ఘోషా స్త్రీల కోసం హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, ఒక దొరసానికి అప్పగించాడాయన. వ్యాపారమంటే అది! ఐతే ఆయన గాజుపలకలు పారెయ్యలేదు. 2,800కు పైగా పలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మీ కొట్టులో పాస్‌పోర్టు ఫోటోలు ఏమయ్యాయి? దుబాయి, మస్కట్, కువైట్ పోయిన మనిషి ఊరు విడిచేముందు ఆఖరుసారి కూర్చున్నది మీ స్టూడియోలోని ఆ స్టూలుమీదే కదా. కంప్యూటరు నిండిందని వాటిని చెరిపేస్తున్నారేమో, చెరపకండి. గడపల వరసకు అవే రెండో సగం.

ఇంకొక అనుమానం కూడా రాశారు: "ఫోటో తీస్తుంటె వాళ్ళు సిగ్గుపడి కొంగు కప్పుకుంటరు. అడిగి తీస్తె సహజంగ ఉండదు." దీనికి గౌరీ గిల్ చేసిన పని వినండి. 1999 నుంచి రాజస్థాన్ ఎడారి పల్లెల్లో తిరిగి, ఆ ఫోటోలకే 2023లో ప్రిక్స్ పిక్టే అనే అంతర్జాతీయ బహుమతి అందుకున్న మనిషి. 2003లో లూంకరణ్‌సర్‌లో ఆడపిల్లల మేళా జరిగితే అక్కడ డేరాలో స్టూడియో పెట్టి, ఎవరితో కలిసి నిలబడాలో, చేత ఏం పట్టుకోవాలో ఆ పిల్లలనే నిర్ణయించుకోమన్నారు. తెర కట్టి, ఎదురుగా నిలబెట్టి తియ్యడం మీకు చేతనైన విద్యే. ఆ బీడీలమ్మను మీరే అడగండి: "అక్కా, ఎట్ల దిగుతవు?" కొంగు కప్పుకునే దిగుతానంటే అట్లాగే తియ్యండి.

ప్రతి ఫోటోకూ ఊరు, తేదీ, ఇంటాయన ఏ ఏట పోయాడన్నది రాసి పెట్టండి. ఒక ప్రింటు ముందుగా ఆ ఇంటివాళ్ళకే ఇవ్వండి. వద్దన్న ఇల్లు ఉంటే ఆ ఫోటో పక్కన పెట్టండి. హైదరాబాదులో 2015లో మొదలైన ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ ఉంది, మాదాపూర్ చిత్రకళా గ్యాలరీలో ప్రదర్శనలు జరిగాయి. ప్రకటన చూసి పంపండి. పంపేటప్పుడు ఒక్క ఫోటో కాదు, వరస పంపండి. ఇంటామెను కూడా ఒకసారి ఆ అరుగుమీద కూర్చోబెట్టి తీస్తే మంచిది. ఆమె అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు గల్ఫులోనే ఉండి ఉంటారు.