రగ్గులు వచ్చాయి, బండి రాలేదు

దానం గురించి విమర్శగా మాట్లాడటం మన మర్యాదలకు కొంత విరుద్ధం. ఇచ్చేవాణ్ణి ప్రశ్నిస్తే కృతఘ్నత అంటారు, పుచ్చుకునేవాడు ఫలానాది కావాలంటే ఆశపోతుతనం అంటారు. ఆ మర్యాదను ఈ ఒక్కసారికి పక్కన పెడుతున్నాను, మిత్రులు మన్నింతురు గాక.

కొన్నేళ్ళపాటు నేను ఉట్నూర్ ప్రాంతంలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు లెక్కలు రాశాను. ఒక డిసెంబరులో మా దాతలు వరుసగా మూడో ఏడు కూడా రగ్గులే పంపారు. మేము అడిగింది రగ్గులు కాదు. వానాకాలం నాలుగు నెలలకు ఒక జీపు అద్దె, డ్రైవరు జీతం అడిగాము. జ్వరాల కాలమూ వాగులు పొంగే కాలమూ అక్కడ ఒకటే. ఒక కొలాం గూడెంలో పంపిణీ జరుగుతుండగా ఒక ముసలమ్మ నాతో నెమ్మదిగా అన్నది: "పోయినేడు ఇచ్చిన రగ్గులు ఇంట్లనే ఉన్నయి సారూ. వానకాలంల దవాఖానకు పోనీకి బండి దొరుకలే."

ఆ మాటను నేను నివేదికలో రాయలేదు. "లబ్ధిదారులు దాతలకు కృతజ్ఞతలు తెలిపారు" అని రాశాను, ఫోటోలు జతచేశాను. నాలుగో ఏడూ రగ్గులే వచ్చాయి. కనుక నేను వేస్తున్న ఈ నిందలో మొదటి వాటా నాదే.

ఉట్నూర్ చలి అబద్ధం కాదు, రగ్గు పనికిరాని వస్తువూ కాదు. నా తగాదా వస్తువుతో కాదు, క్యాలెండరుతో. మన దానాలన్నీ ఇచ్చేవాడి క్యాలెండరు ప్రకారం నడుస్తాయి. పుట్టినరోజులకు అన్నదానం, డిసెంబరులో రగ్గులు, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో హడావుడిగా నోటుపుస్తకాలు. అప్పటికి బడి మూసే రోజులు దగ్గరపడుతుంటాయి. అక్కడి మనిషి సంవత్సరం వేరు. విత్తనానికి అప్పు తెచ్చే జూన్, జ్వరాలొచ్చే ఆగస్టు, పత్తి అమ్ముకొని అప్పు తీర్చే శీతాకాలం. అవసరం ఆగస్టులో ఉంటే డబ్బు మార్చిలో వస్తుంది.

చట్టం అలా ఉంది, ఏం చేస్తాం అంటారు కొందరు. చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2014 ఏప్రిల్ 1 నుంచి, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అయితే ఒక పనిని మొదలుపెట్టిన ఏడు కాక మరో మూడేళ్ళు కొనసాగించే వీలు కూడా నిబంధనల్లోనే ఉంది. ఆ వీలు వాడుకోకుండా మార్చిలో పరుగెత్తడం చట్టం చేసిన తప్పు కాదు.

జీతాలకు ఇవ్వము, వస్తువులే ఇస్తాము అనేది మరో మాట. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించి కార్యాలయ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అంత కఠినమైన చట్టం కింది నియమాలు సైతం ఆసుపత్రి డాక్టరు జీతాన్నీ బడి టీచరు జీతాన్నీ ఆ లెక్కలో వేయవు. మన దాతలు మాత్రం వేస్తారు. రగ్గు కొంటే దానమట, వాగు దాటించే డ్రైవరుకు జీతమిస్తే దుబారా అట! దొంగ లెక్కల సంస్థలు లేవా అంటే, ఉన్నాయి. వాటికి మందు ఆడిట్ గాని రగ్గులు కావు.

ప్రణాళిక అంటే ఏమిటో నేర్చుకోవడానికి నగరం నుంచి నిపుణులను పిలవనక్కరలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, ముందు విన్నాడు. ఆ తరువాతే భూమి పట్టాలు, గోండి వాచకాలు, గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ వచ్చాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుని గిరిజనుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా 1940లలో ఆయన చొరవతో మొదలైనదే. అయితే 1948లో నిజాం పాలన ముగిశాక గోండి చదువు నిలవలేదు, భూములు మళ్ళీ చేతులు మారాయి. ఒక మనిషి మీదా ఒక ప్రభుత్వం మీదా ఆధారపడిన మంచి పని ఎంతకాలం నిలుస్తుందో అదే మార్లవాయి చెబుతున్నది.

అదే కేస్లాపూర్‌లో మరో పాఠం ఉంది. మెస్రం వంశీయులు తమలో తాము చందాలు వేసుకుని, ఏళ్ళ తరబడి కూడబెట్టి నాగోబాకు రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబరులో విగ్రహ ప్రతిష్ఠ జరిగింది. ఏం కావాలో వారే అనుకున్నారు, ఎంత వేసుకోవాలో వారే తేల్చుకున్నారు, పూర్తయ్యేదాకా ఆగారు. మనం "లబ్ధిదారులు" అని రాసుకునే మనుషులు వీరే! వీరికి ప్రణాళిక చేతకాదని మన కాగితాలన్నీ ఎలా అనుకుంటున్నాయి?

సంస్థలు నడిపే పెద్దలకు నా మనవి ఇది. అక్కరలేనిది ఇస్తామన్నప్పుడు వద్దనడం నేర్చుకోండి. ఒక దాత పోతే సంస్థ మూతపడే స్థితి ఉంటే, వద్దనే ధైర్యం రాదు. కనుక చిన్న మొత్తాలైనా నెలనెలా ఇచ్చే పదిమందిని కూర్చుకోండి, ఆరు నెలల ఖర్చు నిలవ ఉంచుకోండి. పన్ను మినహాయింపు రసీదును నమ్ముకోకండి. 2020లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను విధానంలోకి మారిన జీతగాళ్ళకు విరాళాలపై ఆ మినహాయింపు లేదు. అన్నిటికన్నా ముందు, గూడెంలో విన్న మాటను విన్నట్టే నివేదికలో రాయండి.

హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న దాతలకు ఒక్క మాట. మీరిచ్చే సొమ్మును మూడేళ్ళకు ముందే మాట ఇవ్వండి. ఒకసారి డిసెంబరులో కాక ఆగస్టులో రండి. ఫోటో బాగా రాదు. వాగు అవతలే ఆగిపోవచ్చు. అలా ఆగిపోతే ఇంకా మంచిది. ఆ ముసలమ్మ ఏం అడిగిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

ఆమెకు బండి సంగతి నేను ఇప్పటికీ జవాబు చెప్పలేదు.