దెయ్యాన్ని ముద్దాయిని చేయకండి

మన హాస్టల్లో ‘డెత్ నోట్’ చూడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయితే అది మొదట బొమ్మల పుస్తకంగా వచ్చిందని చూసినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. సుగుమి ఓబా కథ రాశారు, తకేషి ఒబాటా బొమ్మలు వేశారు. 2003 నుంచి 2006 దాకా జపాన్‌లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, 12 సంపుటాలైంది. అందులో మృత్యుదేవత ఉన్నాడు, డిటెక్టివ్ ఉన్నాడు, బోలెడన్ని చావులున్నాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి. కథ పొడుగునా ర్యూక్ అనే ఆ మృత్యుదేవత చేసే పనేంటి? ఒక నోట్‌బుక్ కింద పడేసి, ఆపిల్ పళ్లు తింటూ తమాషా చూడటం. పేర్లు రాసి మనుషుల్ని చంపేది మాత్రం చదువులో ఫస్టొచ్చే కుర్రాడు.

దెయ్యమూ డిటెక్టివూ కలిసిన బొమ్మల నవల తెలుగులో రావాలని మన క్లబ్బులో చాలామంది అంటున్నారు. నాకూ అదే కోరిక. ఇటలీలో డిలన్ డాగ్ 1986 నుంచి పీడకలల మీద పరిశోధన చేస్తూనే ఉన్నాడు. అమెరికాలో హెల్‌బాయ్ ఉన్నాడు. మనకెందుకు ఉండకూడదు? ఉండాలి. కాకపోతే ఒక్క షరతు పెట్టుకోవాలని నా అభిప్రాయం. కథలో దెయ్యం ఉండొచ్చు, మాట్లాడొచ్చు, ప్రశ్నలడగొచ్చు, సాక్ష్యం కూడా చెప్పొచ్చు. ముద్దాయి మాత్రం అది కాకూడదు.

ఈ షరతు నా సొంతం కాదు. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే డిటెక్టివ్ రచయిత 1929లో ఈ తరహా కథలకు పది నియమాలు రాశాడు. అతీత శక్తుల ప్రమేయం పనికిరాదన్నది అందులో ఒకటి. కారణం సింపుల్. ‘దెయ్యం చంపింది’ అని తేల్చేస్తే అప్పటిదాకా బుర్ర పెట్టి చదివిన పాఠకుణ్ణి మోసం చేసినట్టే. అయితే నాక్స్ దెయ్యాన్ని గడప బయటే ఆపేశాడు. మనవాళ్లు అంతకు చాలా ముందే దాన్ని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పని అప్పజెప్పారు. నేను చెప్తున్నది బేతాళుడి గురించి.

బేతాళ కథల్ని మనం పిల్లల కథలుగా పక్కన పెట్టేశాం కానీ, వాటిని డిటెక్టివ్ కథలుగా ఒకసారి చదివి చూడండి. 11వ శతాబ్దంలో కాశ్మీర్‌లో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళుడు చెప్పే మొదటి కథే కోడ్ విప్పే కథ. ఒక అమ్మాయి రాకుమారుణ్ణి చూసి మాట్లాడకుండా సైగలు చేస్తుంది. కలువ తీసి చెవిలో పెట్టుకుంటుంది, పళ్లు తాకుతుంది, తలమీద పద్మం పెట్టుకుంటుంది, గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. రాకుమారుడికి ఒక్క ముక్క అర్థం కాదు. అతని స్నేహితుడైన మంత్రి కొడుకు మాత్రం వాటిని వరసగా విప్పుతాడు. చెవిలో కలువంటే కర్ణోత్పలుడనే రాజు దేశం. పళ్లంటే దంతపు పనివాడి ఇల్లు. తల మీది పద్మమంటే పేరు పద్మావతి. గుండె మీద చెయ్యంటే నువ్వంటే ఇష్టమని. షెర్లాక్ హోమ్స్ పుట్టడానికి ఎనిమిది శతాబ్దాల ముందు సంగతి ఇది.

ఇక అసలు కథ చూడండి. ఒక సన్యాసి రాజును స్మశానానికి పంపి, చెట్టుకు వేలాడే శవాన్ని తెమ్మంటాడు. శవంలో దెయ్యం ఉంది. అర్ధరాత్రి, స్మశానం, శవం, దెయ్యం... హారర్ సినిమాకు కావలసినవన్నీ ఉన్నాయి. కానీ చివరికి తేలేదేంటంటే, రాజును బలివ్వాలని చూస్తున్నది సన్యాసి. ఆ కుట్రను రాజుకు చెప్పి కాపాడేది బేతాళుడు. నేరస్థుడు కాషాయం కట్టుకున్న మనిషి, సాక్షి దెయ్యం. ఇంతకన్నా మంచి అతీంద్రియ డిటెక్టివ్ ప్లాట్ ఎవరైనా చెప్పగలరా?

ఈ కథను తెలుగు పిల్లలకు బొమ్మలతో నెలనెలా అందించింది ‘చందమామ’. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. కుటుంబరావు పక్కా హేతువాది. మార్క్సిజం మీదా సైన్సు మీదా ఎడతెగకుండా వ్యాసాలు రాసిన మనిషి. ఆయన హయాంలోనే ఆ పత్రిక నిండా బేతాళుళ్లు, మాంత్రికులు, రాక్షసులు. ఇది వైరుధ్యం అనుకునేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. చందమామ బేతాళ కథలో దెయ్యం చేసేది ఒకటే, కథ చెప్పి చివర్లో ఒక సందేహం అడగడం. జవాబు రాజు తన వివేకంతో చెప్పాలి. భయం పుట్టించాల్సిన శాల్తీ చేత లాజిక్ ప్రశ్న అడిగించడం హేతువాది చేయదగ్గ పనే కదా.

ఆ బొమ్మ కూడా గుర్తు చేసుకోండి. చేతిలో కత్తి, భుజాన శవం, మోసుకుపోతున్న రాజు. దాన్ని గీసిన శంకర్ గారు, అంటే కె.సి. శివశంకరన్, 2020లో పోయారు. ఆ బొమ్మలో రాజు ముఖంలో భయం కనపడదు. ఏదో ఆలోచిస్తున్న మనిషి ముఖం అది.

ఆ తర్వాత మన దారి రెండుగా చీలింది. ఒకవైపు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో. ఇంకోవైపు యండమూరి ‘తులసిదళం’, చేతబడి. ఆ నవలను జనం ఎగబడి చదివారు, మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ లాంటివాళ్లు తిట్టిపోశారు. సినిమాల్లోనూ ఇదే చీలిక. ‘కార్తికేయ’ (2014) లో గుడి, పాముకాటు చావులు, ఊరంతా భయం. చివరికి దాని వెనక మనిషి చెయ్యి బయటపడుతుంది. ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019) లో నెల్లూరు డిటెక్టివ్ రైలు పట్టాల పక్కన శవాల లెక్క తేలుస్తూ పోతే, జనం భక్తిని వాడుకునే ముఠా దొరుకుతుంది. ‘విరూపాక్ష’ (2023) మాత్రం రెండో దారిలో పోయింది. మేకింగ్ బ్రహ్మాండం, ఒప్పుకుంటాను. హీరో డిటెక్టివ్‌లాగే ఆధారాలు ఏరతాడు. కానీ ఆ ఆధారాలన్నీ చూపించేది నిజమైన క్షుద్రవిద్యనే. మొదట్లో ఊరు ఒక జంటను చేతబడి చేశారంటూ కాల్చేస్తుంది. అది ఎంత ఘోరమో మనకు తెలుస్తూనే ఉంటుంది. తీరా క్లైమాక్స్‌కొచ్చేసరికి చేతబడి నిజమేనని కథే సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. హాలు బయట ఇంకా అదే అనుమానంతో బతుకుతున్న ఊళ్లున్నాయి కాబట్టి నాకు అక్కడే గుచ్చుకుంటుంది.

‘సినిమాను సినిమాలా చూడు బ్రో’ అంటారని తెలుసు. సరే, సినిమా వదిలేసి పొలంలోకి వెళ్దాం.

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు రండి. పేరులోనే పత్తి ఉంది. నల్లరేగడి నేల, పత్తి, మిరప. ఈ రెండు పైర్లకూ పురుగు ఎక్కువ, కాబట్టి మందు కొట్టడమూ ఎక్కువే. మనవైపు ‘గాలి సోకింది’ అనే మాటకు అర్థం అందరికీ తెలుసు, దెయ్యం పట్టిందని. ఇప్పుడు ఒక కూలీని ఊహించుకోండి. మాస్కు లేదు, గ్లవ్స్ లేవు, ఎదురుగాలిలో తైవాన్ పంపు భుజాన వేసుకుని పొద్దుటి నుంచీ కొడుతున్నాడు. సాయంత్రానికి చెమటలు, నోట్లో నురగ, కాళ్లూ చేతులూ వణుకు, పిచ్చిచూపులు, పొంతన లేని మాటలు. చూసినవాళ్లు ‘గాలి సోకింది’ అంటారు. పదం కరెక్టే, గాలే సోకింది. కాకపోతే ఆ గాలిలో ఆర్గానోఫాస్ఫేట్ ఉంది. డాక్టరు కంట్లో టార్చి వేస్తే కనుపాప సూదిమొనంత అయ్యుంటుంది. దానికి విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్, అదీ టైముకు పడాలి. ఆ టైమును వేపమండలకూ తాయెత్తుకూ ఖర్చు చేస్తే మనిషి దక్కడు. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ, ఆ మందు పీల్చి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అదీ మనలాంటి నల్లరేగడి పత్తి నేలే.

చేతబడి సంగతి ఇంకా దారుణం. ‘ఎవరో చేశారు’ అనుకున్నాక ఆ ‘ఎవరో’ కోసం ఊరు వెతుకుతుంది. వేలు వెళ్లి ఆగేది సాధారణంగా అండలేని ముసలివాళ్ల మీదో, ఒంటరి ఆడవాళ్ల మీదో. హత్యలకు కారణాల జాబితాలో మంత్రగత్తె అనే అనుమానానికి జాతీయ నేర గణాంకాల్లో ఇప్పటికీ ఒక గడి ఉంది. ఇలాంటి దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయి. అందుకే దెయ్యాన్ని ముద్దాయిని చేసే కథ మన దగ్గర ఉత్త కథగా మిగలదు. అది అసలు ముద్దాయిని తప్పిస్తుంది, ఒక్కోసారి అమాయకులను ఇరికిస్తుంది.

మరి బొమ్మల నవలే ఎందుకు? నా దగ్గర రెండు కారణాలున్నాయి.

మొదటిది, బొమ్మల కథ చదవడమే ఒక పరిశోధన. ఒక గడిలో ఎత్తిన చెయ్యి, తర్వాతి గడిలో నేలమీద మనిషి. దెబ్బ పడింది ఆ రెండు గడుల మధ్య ఖాళీలో, అంటే మన తలలో. స్కాట్ మెక్‌క్లౌడ్ ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’ (1993) లో దీని గురించి ఒక అధ్యాయమే రాశాడు. సినిమాలో దెయ్యం రాగానే సౌండు పెంచి మనల్ని కుర్చీలోంచి లేపుతారు, ఆలోచించే టైమివ్వరు. పుస్తకంలో ఆగొచ్చు, వెనక్కి తిప్పి చూడొచ్చు. ఆధారాన్ని మాటల్లో చెప్పకుండా బొమ్మలో దాచొచ్చు.

రెండోది, ఖర్చు. ప్రత్తిపాడు పొలాల్లో రంగులు మూడే. నేల నలుపు, పత్తి తెలుపు, కల్లంలో ఆరబోసిన మిరప ఎరుపు. తెల్ల కాగితం మీద నలుపు, ఎరుపు సిరాలు చాలు. క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లాప్‌టాప్‌లోనే గీయొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. మన అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైనుకూ లైనుకూ మధ్య ఖాళీ ఎక్కువ పడుతుంది. ఇంగ్లీషు కామిక్ సైజులో మాటల బుడగలు గీస్తే తెలుగు పట్టదు. బుడగ ముందు కొలుచుకుని బొమ్మ తర్వాత గీయాలి, లేదా డైలాగు తగ్గించాలి. రెండోదే మంచిదని నా సలహా.

ఊరికే సలహాలివ్వడం ఎందుకు, ఒక ప్లాట్ కూడా ఇస్తాను, నచ్చితే వాడుకోండి. మిరపచేలో రాత్రిళ్లు కొరివిదెయ్యం కనపడుతోందని పుకారు. నెలలో ముగ్గురు కూలీలకు ‘గాలి సోకింది’. ఊరి వేలు చివరింట్లో ఉండే ఒక ముసలామె వైపు తిరుగుతోంది. మన డిటెక్టివ్ పీహెచ్‌సీలో పనిచేసే ఏఎన్‌ఎం. ఊరంతా ఆమెను ‘సిస్టరమ్మా’ అంటుంది. కొరివిదెయ్యం నిజంగానే ఆమెకు ఎదురుపడి, రాత్రికొక ప్రశ్న అడుగుతుంది. ఆ రోజు మందు కలిపింది ఎవరు? గాలి ఎటునుంచి వీచింది? ఖాళీ డబ్బా ఏమైంది? రెండో ప్రశ్నకు జవాబు ఒక్క డైలాగులో కూడా ఉండదు. పొలంలో నిలబెట్టిన దిష్టిబొమ్మ చొక్కా చేతులు ప్రతి గడిలో ఎటు ఎగురుతున్నాయో చూడాలి. వెనక్కి తిప్పి చూసుకున్న పాఠకుడికి ‘అరె, మొదటి పేజీ నుంచీ ఇక్కడే ఉంది కదా’ అనిపించాలి.

‘చివరికి దెయ్యం లేదని తేల్చేస్తే మజా ఏముంది? ముసుగు తీస్తే వాచ్‌మన్, అంతేగా’ అని ఒక మిత్రుడన్నాడు. న్యాయమైన అభ్యంతరమే. కానీ నేను దెయ్యం ముసుగు తీయమనడం లేదు. బేతాళుడు ఉత్త భ్రమ అని చందమామ ఎప్పుడూ చెప్పలేదు. జవాబు విన్నాక శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కేవాడు, అంతే. మన కొరివిదెయ్యం కూడా కథ అయ్యాక చేలోకి వెళ్లిపోవచ్చు. అది ఉందో లేదో పాఠకుడి ఇష్టం. కూలీలు ఎందుకు పడిపోయారో మాత్రం కథ ఖాయంగా చెప్పాలి, అదీ మనుషుల లోకంలోని కారణంతో.

బేతాళుడు రాజుకు పెట్టే షరతు అందరికీ తెలిసిందే. జవాబు తెలియకపోతే ఫర్వాలేదు. తెలిసీ నోరు మూసుకుంటేనే తల పగులుతుంది. మందు డబ్బా మీద ఏం రాసి ఉంటుందో, ఆ విషం నరాల మీద ఎలా పనిచేస్తుందో చదువుకున్నవాళ్లం మనం. గీయడం వచ్చినవాళ్లు నలుగురు, రాయడం వచ్చినవాళ్లు ఇద్దరు ముందుకొస్తే 24 పేజీలు పెద్ద పనేం కాదు. పేర్లు క్లబ్బుకు ఇవ్వండి. దెయ్యం ఎలా ఉండాలన్నది మాత్రం బొమ్మలు వేసేవాళ్లకే వదిలేద్దాం.