సంతృప్తియు విద్యయు : ఆన్‌లైన్ పాఠమును గూర్చి ఒక విచారము

విద్యార్థి సంతృప్తి యను మాట నేడు కళాశాలలయందు తరచుగా వినవచ్చుచున్నది. న్యాక్ సంస్థ 2017లో సవరించిన మూల్యాంకన విధానమున విద్యార్థి సంతృప్తి సర్వేక్షణమునకు స్థానము కల్పించినది. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలైన పిమ్మట పాఠములు చరవాణి కెక్కినవి. ప్రత్యక్ష బోధన మేలా, ఆన్‌లైన్ బోధన మేలా యని విద్యార్థులనే అడిగి తేల్చుకొను పద్ధతి నాటినుండి బలపడినది. అడుగుట తప్పు గాదు. ఏమని అడుగవలయు నన్నదే నా ప్రశ్న.

ముందుగా ఆన్‌లైన్ పక్షమున చెప్పదగినది చెప్పెదను. నేటి పల్నాడు, బాపట్ల ప్రాంతములతో కూడిన పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మన కళాశాలలకు వచ్చు పిల్లలు పలువురు పత్తి, మిరప చేలపై బ్రతుకు కుటుంబములవారు. కార్తీకము దాటినచో పత్తితీత, మాఘ ఫాల్గుణములలో మిరపకోత. ఆ దినములలో తరగతి పలుచబడుట మన మెరిగినదే. పగలెల్ల కల్లమున కాయ లేరిన బాలిక, రాత్రి యింట కూర్చుండి రికార్డు చేసిన పాఠమును రెండుమారులు వినగలుగుట చిన్న మేలు కాదు. ఆమె 'తృప్తిగా నున్నది' అని వ్రాసినచో ఆ మాటను త్రోసివేయుట మనకు తగదు.

అయినను ఒక అనుభవమును విన్నవింపవలసి యున్నది. 2020లో కొన్ని నెలలు నేనును చరవాణిలో కావ్యపాఠము చెప్పితిని. ఒక్కొక్కరి కంఠము ఒక్కొక్క యెడముతో ఆలస్యముగా చేరుటచే అందరును కలిసి వల్లె వేయుట పొసగలేదు. ఒకరు చదువునపుడు తక్కినవారి మైకులు మూసి యుంచవలసి వచ్చినది. కళాశాల తిరిగి తెరచిన తరువాత ఒక విద్యార్థిని శ్లోకము చదివి, అన్వయమును చక్కగా చెప్పినది. కాని భకారము బకారమై, ధకారము దకారమై వినబడినది. దిద్దగా ఆమె, "ఇంతకాలము నాకెవరును చెప్పలేదండి గురువుగారూ" అన్నది. అభిప్రాయపత్రమున ఆమె పాఠము బాగున్నదనియే వ్రాసినది. ఆ మాట అసత్యము గాదు. తన తప్పు తనకు తెలియనివారికి అసంతృప్తి కలుగుటకు హేతువే లేదు. లోపము నాది, నా కంఠము ఆమెకు వినబడినది, ఆమె కంఠము నాకు వినబడలేదు.

పాణినీయ శిక్ష లిఖితపాఠకుని ఆరుగురు పాఠకాధములలో నొకనిగా లెక్కించినది. వ్రాత యందు దోషము కలదని కాదు. వ్రాత చదువరి తప్పును దిద్దజాలదని నేను గ్రహించు ఆంతర్యము. రికార్డు చేసిన పాఠమునకును ఈ న్యాయమే వర్తించును.

విద్యలో ఒక పాదము గురువువలన, ఒక పాదము స్వబుద్ధివలన, ఒక పాదము సహాధ్యాయులవలన, ఒక పాదము కాలక్రమమున లభించునని పెద్దలు విభజించిరి. తెర మొదటి పాదమును చాలవరకు అందించును. స్వబుద్ధికిని కాలమునకును అది అడ్డు రాదు. కొరవడునది మూడవ పాదము. పాఠశాలలో సాయంకాలము చింతనకు కూర్చున్నపుడు, గురువు చెవికి దొరకని తప్పు ప్రక్కవాని చెవికి దొరకెడిది. దేశమున మొదటిదిగా 1982లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము సైతము పుస్తకములు పంపి ఊరకుండక, అధ్యయన కేంద్రములలో విద్యార్థులకు ముఖాముఖి తరగతులు నడపినది.

ఇది వట్టి అభిరుచి భేదము గాదు. స్వయం వేదికద్వారా ఒక సెమిస్టరులో చదువదగిన కోర్సుల పరిమితిని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో 20 శాతముగను, 2021లో 40 శాతముగను నిర్ణయించినది. విద్యార్థులు తగ్గిన ప్రాచ్యకళాశాలలో ఖాళీయైన అధ్యాపకస్థానమున తెరను నిలుపుట సులభము. అందుకు సంతృప్తి శాతము సాక్ష్యముగా చూపబడినచో, బదులు చెప్పుటకు మనయొద్ద వేరొక లెక్క ఉండవలయును.

కావున నా సూచనలు రెండు. పత్తితీత, మిరపకోత దినములలో రికార్డు పాఠములు తప్పక అందింపవలయును. కాని పనుల యొత్తిడి తగ్గగానే ఆ విద్యార్థులను కూర్చుండబెట్టి, ఆ పాఠములనే వారిచేత చదివించి చింతన చేయింపవలయును. ఇక అభిప్రాయపత్రమున మరి రెండు ప్రశ్నలు చేర్చవలయును: ఈ నెలలో నీ తప్పును ఎవరు దిద్దిరి? నీవు ఎవరి తప్పును దిద్దితివి? ఈ రెండింటికి ఉత్తరము లేని పత్రమున 'మిక్కిలి తృప్తి' యని యున్నను, దానిని చూచి అధ్యాపకుడు తృప్తి చెందరాదు.